మొగలి పొద పెరట్లో పెట్టొచ్చా? ఇంకా కొన్ని కోరికలు

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. ప్రశ్న ఒకటే గానీ దానికి తోకలు చాలా ఉన్నాయి. ఓపికున్నవాళ్లు చదవండి.

సంక్రాంతి వెళ్లాక మా గేదెల్ని అమ్మేశాం. మామయ్యగారికి మోకాళ్లు సహకరించడం లేదు, మా ఆయనకు షాపుతోనే సరిపోతుంది, నాకు కుట్టుమిషను. పాక కూడా పీకించేశారు. దాంతో పెరట్లో పద్దెనిమిది అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు జాగా ఖాళీ అయింది. మా వీధి ఇళ్లు చూసినవాళ్లకు తెలుస్తుంది, గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఇంటికి వెలుతురంతా పెరటి వైపు నుంచే. ఒకప్పుడు అక్కడ పెద్ద పనసచెట్టు ఉండేది. 2018లో తిత్లీ తుపానుకి వేళ్లతో సహా లేచి ప్రహరీ మీద పడింది. ఇటు పడి ఉంటే వంటిల్లు మిగిలేది కాదు. అప్పట్నుంచీ పది గంటల నుంచి మూడింటి దాకా ఎండ సూటిగా పడుతుంది. ఒక మూల నుయ్యి, దాని మీద ఇనుప జల్లెడ. నూతి గట్టు పక్కన సిమెంటు కుడితి గోలెం. పాకతో పాటు దాన్నీ పగలగొడతామంటే నేనే అడ్డం పడి ఆపాను.

ఇక నా కోరికలు. మొదటిది, అసలుది, మొగలి. మా అమ్మమ్మ ట్రంకు పెట్టెలో పట్టుచీరల మడతల మధ్య మొగలి రేకులు పెట్టేది. రేకు ఎండిపోయి గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే విరిగిపోయే స్థితికి వచ్చినా వాసన మాత్రం పోయేది కాదు. పెళ్లికి ఆ చీర కట్టుకుని వెళ్తే నలుగురూ తలతిప్పి చూసేవాళ్లు. ఇప్పుడు బరంపురం నుంచి ఎవరొస్తున్నా ఒక పువ్వు తెమ్మని బతిమాలుకుంటాను. ఇక్కడికి చేరేసరికి సగం వాసన బస్సులోవాళ్లే పీల్చేస్తున్నారు. నా పెరట్లో నాకో పొద కావాలి, అంతే.

ఇంట్లో మాత్రం అందరూ అడ్డమే. అత్తగారు సోమవారాలు ఉపవాసం ఉండే మనిషి. "బ్రహ్మ కోసం అబద్ధపు సాక్ష్యం చెప్పి శివుడి చేత శాపం తిన్న పువ్వు, మనింట్లో ఎందుకే" అంటారు. మామయ్యగారికి మొగలి పొద అంటే పాముల పుట్టే. మా ఆయనకు ముళ్ల భయం. పక్కింటి పెద్దాయనైతే, నర్సరీవాళ్లు మొగలి అని చెప్పి ఏదో షోమొక్క అంటగడతారు, ముసలైపోయేదాకా ఎదురుచూస్తూ కూర్చుంటావు అన్నారు.

మిగతా కోరికలు: గోలెంలో తామర. ఒక సంపెంగ చెట్టు. నూతి నుంచి పెరటి గుమ్మం దాకా మనోరంజితం పందిరి. మా ఆయన ఒక్కటంటే ఒక్కటే అడిగారు. యాపిల్. ఏం చెప్పమంటారు.

అన్నీ కుదరవని నాకూ తెలుసు. ఏవి పెట్టుకోవచ్చో, ఏవి మానుకోవాలో పెంచినవాళ్లు చెప్పండి. వీడియోలు చూసి చెప్పేవాళ్లు వద్దు, అవి నేనూ చూశాను.

నూతిగట్టు, గుణుపురం

అమ్మా, నేను మీ ఊరి మీదుగా చిన్న రైలు (నారోగేజి) నడిచిన రోజుల్లో ఆ లైనులో ఉద్యోగం చేసినవాణ్ణి. మీ వీధులు నాకు బాగా తెలుసు. మొగలి గురించి తెలిసినవాళ్లు చెబుతారు, నేను మిగతావి చెబుతాను. కాస్త కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోకు.

సంపెంగ మానుకో. విత్తనపు మొక్క పూతకొచ్చేసరికి ఎనిమిది, పదేళ్లు పడుతుంది. అంటు మొక్కయితే రెండు మూడేళ్లలోనే పూస్తుంది, నిజమే. కానీ అది పొదగా ఉండే రకం కాదు, మాను కట్టే చెట్టు. పద్దెనిమిది అడుగుల జాగాలో ఇటు గోడ, అటు గోడ, మధ్యలో నుయ్యి. గోడల మధ్య ఇరుక్కున్న చెట్టుకు వేరు పారే దిక్కుండదు. తిత్లీ మర్నాడు నేను పాతపట్నం నుంచి మీ ఊరి దాకా నడిచి వచ్చాను, రోడ్డు మీద బండ్లు తిరగలేదు. పొలాల్లో చెట్లు కొమ్మలు విరిగి నిలబడ్డవి చాలా చూశాను. ఇళ్ల మధ్య చెట్లు మాత్రం మట్టి గడ్డతో సహా లేచిపోయాయి. మీ పనస కథా అదే అయ్యుంటుంది.

పెద్ద పూలచెట్టు మీదే మనసుంటే పారిజాతం పెట్టుకో. పూత అయిపోగానే కత్తిరిస్తూ ఉంటే తలెత్తు ఎత్తులోనే ఆగుతుంది. వానలు వెనకబట్టాక పూత మొదలవుతుంది. నేల రాలిన పువ్వే పూజకు పనికొస్తుంది కాబట్టి మీ అత్తగారికి తెల్లవారుజామున ఒక పని దొరుకుతుంది, మొగలి మీద కోపం కాస్త తగ్గొచ్చు.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. పశువుల పాక ఉన్న నేల బలంగా ఉంటుందనుకుని వెంటనే మొక్కలు పాతేస్తారు. ఏళ్ల తరబడి పంచితం ఇంకిన మట్టి అది, లేత వేళ్లను మాడ్చేస్తుంది. పైమట్టి అడుగు లోతు తవ్వి తిరగేయించు. ఈ ఎండాకాలం అలా ఎండనీ. తొలకరికి జనుము చల్లి, పూతకు రాకముందే అందులోనే కలిపి దున్నించు. దున్నడానికి జాగా లేకపోతే పారతో తిరగేసినా చాలు. ఆ తర్వాత ఏది వేసినా బతుకుతుంది.

నా కోరిక అడగలేదు గానీ చెబుతాను. నూతికి జల్లెడ తీయించి, గిలక పెట్టించి, చేదతో రెండు బిందెలు తోడాలని. మా ఇంట్లో మోటారు పెట్టాక గిలక ఎవడో పాతసామాన్లవాడికి వేసేశారు. మీ ఇంట్లో ఉంటే మాత్రం పారేయొద్దు.

కియాతోట, చికిటి

అక్కా, మాది చికిటి పక్క పల్లె. ఇచ్ఛాపురం దాటి మా వైపు వస్తే పొలం గట్ల మీద కంచెగా కనిపించేదంతా మొగలే. ఇక్కడ కియా అంటారు. గంజాం మొగలికి జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా ఉంది. మా నాన్న పువ్వు కోసి అత్తరు బట్టీకి వేసేవాడు, ఇప్పుడు నేను వేస్తున్నాను.

ముందు అసలు సంగతి. మొగలిలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. మీరు చెప్పే వాసన మగచెట్టు పువ్వుది. ఆడచెట్టుకు అనాసపండు లాంటి కాయ కాస్తుంది, ఆ వాసన రాదు. మొక్కగా ఉన్నప్పుడు ఏది ఏదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. చెప్పినా మొగలి విషయంలో ఆయన మాట ఎవరు నమ్ముతారు?

అందుకే విత్తనం నుంచి పెంచకూడదు. నర్సరీలో కొనకూడదు. కళ్లెదుట పూసిన మగచెట్టు మొదట్లోంచి పిలక తీసుకోవాలి. తల్లి మగదైతే పిలకా మగదే. ఆకు మీద తెల్లచారలో పసుపుచారలో ఉండి కుండీలో అందంగా కూర్చునేది ఈ కుటుంబంలో ఇంకోటి, అది షోకి మాత్రమే. మీ పక్కింటి పెద్దాయన చెప్పింది దాని గురించే. ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం.

పిలక నాటాక మూడు, నాలుగేళ్లకు మొదటి పువ్వు వస్తుంది. పువ్వంటే మల్లెలా మొగ్గ కనిపించి విచ్చుకోవడం కాదు. ఆకుల నడిమధ్యలో, లోపలికి దాక్కుని ఉంటుంది. కంటికి కనిపించేలోగా ముక్కుకు తెలుస్తుంది. ఏ చెట్టుదో పట్టుకోవడానికి చీకట్లో గట్టు వెంట వాసన చూసుకుంటూ నడుస్తాం. కంకిని చుట్టి ఉన్న లేత పసుపు రేకులే మీ అమ్మమ్మ పెట్టెలో పెట్టింది. సూర్యుడు రాకముందే కోయాలి. పొద్దెక్కితే వాసన దిగిపోతుంది, బట్టీవాడు మొహం చిట్లించి ధర తగ్గించేస్తాడు. వానల్లో పూత జోరు ఎక్కువ, మిగతా నెలల్లో అక్కడొకటి అక్కడొకటి.

ముళ్ల సంగతి మీ ఆయన చెప్పింది తక్కువే. ఆకుకు మూడు వరసల ముళ్లు. రెండు అంచులా రెండు వరసలు అందరికీ కనిపిస్తాయి. ఆకు వెనక నడి ఈనె మీద ఇంకో వరస ఉంటుంది, కొత్తవాళ్లందరి చేతులూ చీరేది అదే. పిల్లలు ఆడుకునే దారిలో పెట్టకండి. చెట్టు మనిషికి రెండింతల ఎత్తు పెరుగుతుంది, కాండం నుంచి ఊడలు దిగి నేలలో పాతుకుంటాయి. చుట్టూ ఆరడుగులు వదలగలిగితేనే పెట్టండి. పెరటి చివర గోడ మూల అయితే బాగుంటుంది.

పాముల గురించి. వాసనకు పాము రాదు, ఎలక కోసం, కప్ప కోసం వస్తుంది. మా గట్ల మీద మొగలి ఎవడూ శుభ్రం చేయడు. ఎండాకులు మొదట్లో గుట్టలు పడి ఉంటాయి, ఎలకలు కాపురం పెడతాయి. పెరట్లో ఒక్క చెట్టు, నడుము ఎత్తు దాకా కింది ఆకులు కొడవలితో ఎప్పటికప్పుడు కోసేసి, మొదట్లో చీపురు ఆడిస్తూ ఉంటే దాక్కోవడానికి ఏ జంతువుకీ చోటుండదు. మామయ్యగారికి ఇదే చెప్పండి.

శివుడికి పెట్టకపోతే పోయింది, జడలో పెట్టుకోండి. మా ఊరి శివాలయం దొడ్డి కంచె కూడా మొగలే. పూజారిగారు ఇప్పటిదాకా ఏమీ అనలేదు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

నూతిగట్టు బాబుగారూ, కటువుగా ఏం లేదు. పంచితం మాట విని మామయ్యగారు "నేను చెప్పలేదా" అన్నారు. చెప్పలేదు. గిలక మాత్రం అటక మీద భద్రంగానే ఉంది.

తమ్ముడూ కియాతోట, రెండు డౌట్లు. ఒకటి, పెరటి చివర మూల అంటే నూతికి పది, పన్నెండు అడుగుల దూరం. ఊడలు దిగే చెట్టంటున్నావు, ఒరల మధ్య నుంచి వేర్లు దూరి నుయ్యి పాడవుతుందా? రెండు, బట్టీకి వెళ్లాక పువ్వును ఏం చేస్తారు? ఇంట్లో ఒక సీసాడు పన్నీరు లాంటిది తీసుకోవడానికి దారుందా?

సంపెంగ మానుకోమంటే బాధగా ఉంది, కానీ తిత్లీ పేరెత్తాక ఇంట్లో ఎవరినీ ఒప్పించలేను. వదిలేశాను.

నూతిగట్టు, గుణుపురం

నూతికి పన్నెండు అడుగుల్లో ఊడల చెట్టా? వద్దమ్మా. మర్రి చేసిన పని చూశాను నేను, ఒర పగిలి నుయ్యి సగానికి పూడిపోయింది.

కియాతోట, చికిటి

గురువుగారూ, మర్రి వేరు, మొగలి వేరు. మొగలిది తాటి, కొబ్బరి లాగా పీచువేరు. లావెక్కి రాయిని చీల్చే వేరు కాదు. సముద్రపు ఒడ్డున ఇసుకను పట్టి ఉంచేది ఆ పీచే. పన్నెండు అడుగుల్లో నూతికి దాని వల్ల వచ్చే ముప్పు వేర్లతో కాదు, ఎండాకులతో. జల్లెడ ఉంది కదా, చాలు.

అక్కా, బట్టీలో పెద్ద రాగి డేగులో, అంటే బానలో, నీళ్లు పోసి పువ్వులు వేసి మూత బిగించి మట్టితో మెత్తుతారు. కింద కట్టెల మంట. ఆవిరి వెదురు గొట్టం గుండా వెళ్లి, చల్లటి నీళ్లలో కూర్చోబెట్టిన ఇంకో పాత్రలో దిగుతుంది. అందులో ముందే గంధపు నూనె పోసి ఉంచితే వాసనంతా దానికి పట్టి అత్తరవుతుంది. నూనె లేకుండా పట్టుకుంటే బిర్యానీల్లో, మిఠాయిల్లో వేసే కేవడా నీళ్లు. ఇంట్లో ఒకటి రెండు పువ్వులతో ఈ గొడవంతా దండగ. రేకులు విడదీసి బీరువాలో పెట్టుకోండి. నడుమ ఉండే తెల్లటి కంకి పారేయకండి, అసలు వాసన అందులోనే. పల్చటి గుడ్డలో మూటకట్టి చీరల అడుగున పెట్టండి.

బాల్కనీబాబు, బరంపురం

ఇదంతా చదివి కడుపు మండుతోంది. నేను రెండో అంతస్తు అద్దింట్లో ఉంటాను. మీ అందరికీ ఏ మొక్క కావాలా అని ఆలోచన, నాకు కావాల్సింది నేల. కాలు పెడితే మట్టి అంటాలి, అంతకు మించి ఏమీ వద్దు. ఇంటి ఓనరుగారు కుండీ కింద ప్లేటు లేకపోతే ఫోన్ చేస్తారు.

కుండీలో పెరిగే, ముళ్లు లేని మొగలి చుట్టం ఒకటుంది అక్కా. దాని ఆకు వేసి అన్నం వండితే మామూలు బియ్యం కూడా బాస్మతి వాసన వస్తుంది. నీడలో కూడా పెరుగుతుంది, పిలకలు తెగ పెడుతుంది. నర్సరీలో పాండన్ అని అడగాలి. పువ్వు పూయదు. పాము గొడవా లేదు, శాపం గొడవా లేదు. మీ అత్తగారితో పేచీ తెగకపోతే దీనితో సరిపెట్టుకోవచ్చు.

కియాతోట, చికిటి

తమ్ముడూ, ఆవిడ చీరల్లోకి అడిగింది, పులావులోకి కాదు.

పందిరికింద, రాయగడ

చెల్లీ, మనోరంజితం, తామర రెండూ నా దగ్గర ఉన్నాయి.

మనోరంజితం పెట్టుకో, కానీ వెదురు పందిరి మీద కాదు. మొదటి రెండేళ్లు తీగలా ఒద్దికగా పాకుతుంది, ఆ తర్వాత కొమ్మలు మణికట్టు లావున కర్ర అవుతాయి. నా వెదురు పందిరి దాని బరువుకే కూలిపోయింది. ఇనుప గొట్టాలతో కట్టించాక ఇప్పుడు కదలడం లేదు. తీగను కట్టే పని ఉండదు. పువ్వు కాడ దగ్గరే గట్టి కొక్కెం ఉంటుంది, దానితో అదే పట్టుకుంటుంది. పువ్వు ఆకుపచ్చగా ఉన్నన్నాళ్లూ ఆకుల్లో ఉందో లేదో తెలియదు. పసుపు రంగుకు తిరిగిన రోజు సాయంత్రం ఇల్లంతా పండిన పండ్ల వాసన. మా ఇంటికి వచ్చినవాళ్లు వంటింట్లోకి తొంగిచూసి అనాసపండు కోశారా అని అడుగుతారు. రాత్రిపూట గది కిటికీకి మరీ దగ్గరగా వద్దు, తలనొప్పి వచ్చేవాళ్లున్నారు.

నువ్వు నూతి నుంచి గుమ్మం దాకా అన్నావు. ఉన్న ఎండంతా ఆ పందిరే మింగేస్తే తామరకు ఏం మిగులుతుంది? పందిరి గుమ్మం దగ్గర ఎనిమిది అడుగులకు ఆపు. గోలెం ఎండలోనే ఉండనీ. తామరకు రోజుకు ఐదారు గంటల సూటి ఎండ తప్పదు, అది తగ్గితే ఆకులే గానీ పువ్వు రాదు.

గోలెం పగలగొట్టనీయకపోవడం మంచి పని. పాత సిమెంటు కాబట్టి సున్నం ఘాటు ఎప్పుడో దిగిపోయి ఉంటుంది. అడుగున నీళ్లు వదిలే కన్నం ఉంటే మూయించు. కుడితి జిడ్డు పోయేలా కొబ్బరిపీచుతో బాగా తోమి, రెండు మూడుసార్లు నీళ్లు నింపి పారబొయ్యి. అడుగున గుప్పెడు బాగా మాగిన పేడ ఎరువు, దాని మీద చెరువు బంకమట్టి అరడుగు. ఎరువు పైకి తేలిందో నీళ్లు పచ్చబడి కంపు కొడతాయి, అందుకే మట్టి కింద పెట్టాలి. వర్మీకంపోస్టు, కొబ్బరిపొట్టు అసలు వద్దు. తామర దుంపను పడుకోబెట్టి మట్టి కప్పు, మొలక కొన మాత్రం పైకి ఉండాలి. ఆ కొన విరిగితే దుంప పోయినట్టే. మొదట మట్టి మీద నాలుగు వేళ్ల నీళ్లు చాలు. ఆకులు తేలి, తర్వాత నీటి పైకి కాడతో లేచాక నింపుకుంటూ పో.

దుంప దొరక్కపోతే గింజ. పూజ సామాను దుకాణంలో అమ్మే తామరగింజకు రెండు కొనలుంటాయి. గుంట పడ్డట్టుండే కొనను గరుకు కాగితం మీద లోపలి తెలుపు కనిపించేదాకా రుద్ది గ్లాసు నీళ్లలో వెయ్యి. వారం లోపు ఆకుపచ్చ మొలక వస్తుంది. కానీ గింజ నుంచి పువ్వుకు ఏడాది పైనే ఓపిక పట్టాలి.

దోమలకు మందు చల్లకు. నాలుగు గప్పీ చేపలు వదిలితే పురుగును మిగల్చవు. చలికాలంలో ఆకులు ఎండిపోతే చచ్చిందని తవ్వి చూడకు. అది పడుకుంటుంది, మాఘం వెళ్లాక మళ్లీ లేస్తుంది.

ప్రాణహితగట్టు, సిరొంచ

మహారాష్ట్ర వైపు నుంచి ఒక్క మాట. మాకు మే నెలలో నలభై అయిదు డిగ్రీలు మామూలే. సిమెంటు తొట్టి నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగిపోయి చేపలు పోతాయి, తామర ఆకు అంచులు మాడతాయి. పర్లాకిమిడిలో అంత ఎండ ఉండకపోవచ్చు గానీ, తొట్టి బయటి గోడకు తడిపిన గోనెపట్టా చుట్టి, తగ్గిన నీళ్లు సాయంత్రం పూట నింపండి. మిట్టమధ్యాహ్నం చల్లటి నూతి నీళ్లు ఒక్కసారిగా పొయ్యకండి.

సునాబేడ చలి, కోరాపుట్ జిల్లా

యాపిల్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నా వంతు. మేడంగారూ, మీవారిని వెక్కిరించకండి, మరీ అంత వింత కోరిక కాదు. హిమాచల్‌లోని బిలాస్‌పుర్ జిల్లా రైతు హరిమన్ శర్మ వేడి నేలల్లో కాసే యాపిల్ రకం పెంచారు, పేరు హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్-99. మామూలు యాపిల్‌కు చలికాలమంతా గట్టి చలి తగలాలి, దీనికి అంత అక్కర్లేదు. జూన్‌లోనే పండుతుంది. మా కాలనీలో ఒకరి క్వార్టర్లో కాసింది. కాయలు చిన్నవి, రుచి పరవాలేదు. ఇది మూడు వేల అడుగుల ఎత్తున్న ఊరు. మీ దగ్గర ఆకు బాగానే వస్తుంది, కాయ నాలుగొస్తే గొప్పే. కొంటే అంటు మొక్కే కొనండి, ఆన్‌లైన్‌లో పేరు చెప్పి విత్తనపు మొక్క పంపేవాళ్లు ఎక్కువ. మంచి జాగా దానికి ఇవ్వకండి. పెద్ద డ్రమ్ములో పెట్టించి ఆయన్నే నీళ్లు పోసుకోమనండి.

మా కష్టం వినండి. ఇక్కడి మట్టిలో పులుపు ఎక్కువ కాబట్టి హైడ్రాంజియా నీలంగా విరగబూస్తుంది. సున్నం తగిలిన మట్టిలో అదే మొక్క గులాబీరంగు పూస్తుంది. డేలియాలు చేటంత. కింది నుంచి బంధువులు ఎవరొచ్చినా వాటి పక్కన నిలబడి ఫొటోలు. నాకేమో మల్లెపూలు కావాలి. శ్రీకాకుళం నుంచి తెచ్చిన గుండుమల్లె ఇక్కడ చలికి ముడుచుకుని కూర్చుంటుంది, ఎండలు ముదిరాక ఓ పది మొగ్గలు విదిలించి మళ్లీ వానలకు ఆకుల్లోకి వెళ్లిపోతుంది. మా అమ్మ ఫోన్లో "ఈరోజు మూరలు మూరలు కట్టాను" అని చెబితే ఒళ్లు మండుతుంది. మీ పెరట్లో అయిదు గంటల ఎండ పెట్టుకుని లిస్టులో మల్లె రాయలేదేమిటండీ?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

మల్లె రాయలేదు, ఎందుకంటే అది ఉంది. వీధి గుమ్మం పక్కనే, అత్తగారి ఏలుబడిలో. పుష్యంలో నీళ్లు మానేసి ఆకు దూసి కొమ్మలు కత్తిరిస్తారు, ఆ పనికి నన్ను దగ్గరికి కూడా రానివ్వరు.

అందరి మాటలూ ఇంట్లో చదివి వినిపించాను. పెరటి చివర పడమటి మూల మొగలికి. గోలెం తామరకు. గుమ్మం దగ్గర ఎనిమిది అడుగుల ఇనుప పందిరి, ఖర్చు విని మా ఆయన మొహం మాడ్చుకున్నారు గానీ యాపిల్ డ్రమ్ముకు నేను ఒప్పుకున్నాక సరే అన్నారు. సంపెంగ బదులు పారిజాతం, అది అత్తగారు నూతి పక్కన కావాలన్నారు. ముందు మట్టి తిరగేయించి జనుము చల్లాలి. మామయ్యగారు కియాతోట రాసింది రెండుసార్లు చదివించుకుని, మొదట్లో రోజూ తనే ఊడుస్తానన్నారు. మోకాళ్లు ఉన్నట్టుండి ఎలా బాగయ్యాయో అడగలేదు. అత్తగారు మాత్రం దేవుడి గదిలోకి ఆ పువ్వు రాకూడదు, నీ జడ నీ ఇష్టం అన్నారు.

తమ్ముడూ, ఇక పిలక సంగతి. ఎప్పుడు రావాలి, ఎలా తెచ్చుకోవాలి? డబ్బులెంతో మొహమాటం లేకుండా చెప్పు.

కియాతోట, చికిటి

తొలకరి పడి నేల బాగా తడిశాక రండి అక్కా. మీ జనుము నేల మొత్తం సిద్ధం కాకపోయినా పరవాలేదు, మొగలి మూల ఒక్కటీ పాకకు అవతల ఉంటే ముందే నాటొచ్చు. నిరుడు బాగా పూసిన చెట్టుకు ఇప్పుడే ఎర్రగుడ్డ కట్టి ఉంచుతాను, వచ్చాక ఏది మగదో అని వెతుక్కునే పనుండదు. మోచేయి పొడవు పిలక తీసి, ఆకులు సగానికి కోసేసి, వేరు కింద తడి గోనె చుట్టి ఇస్తాను. ఒకటి కాదు, రెండు పట్టుకెళ్లండి. ఒకటి పట్టుకోకపోతే ఇంకోటి ఉంటుంది. బస్సులో కాళ్ల దగ్గర పెట్టుకోకండి, పక్కవాళ్లు గీసుకుని గొడవకొస్తారు. పాత జీన్స్ ప్యాంటు ఒకటి తెచ్చుకుంటే ఒక్కో కాల్లో ఒక్కో పిలక దూర్చి తాడు కట్టేద్దాం.

డబ్బులు వద్దు. మిషను కుడతానన్నారు కదా, మా ఆవిడకు రెండు జాకెట్లు కుట్టిపెట్టండి. ఇక్కడి టైలరు చేతులు ఎప్పుడూ బిగుతుగానే కుడుతున్నాడట. మీరు వచ్చినప్పుడు గుడ్డ, ఆది జాకెట్టు ఇచ్చి పంపిస్తాం.